బోరు అడుగున ఎండపొడ

బోరు మోటార్లు ఎత్తే పనిలో చేరేవాడు అన్నిటికంటే ముందు ఒక అద్దం సంపాదించుకోవాలి. తాడు, కప్పీ, క్లాంపులు యజమాని ఇస్తాడు. అద్దం ఎవరూ ఇవ్వరు. గడ్డం గీసుకునే అద్దమైనా చాలు, అరచేతి కంటే కొంచెం పెద్దదైతే మేలు. నా అద్దం ఇప్పుడు నా దగ్గర లేదు. అది ఎక్కడుందో చివర్లో తెలుస్తుంది.

పులివెందుల చుట్టుపక్కల ఈ పని చేసి చేసి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు ఇంటి ముందర మంచం వేసుకుని కూర్చుంటున్నాను. మా చెల్లెలి మనవళ్లు క్రేను బండి తెచ్చుకుని ఇదే పనిలోకి దిగారు. అప్పట్లో మేమెట్లా చేసేవాళ్లమో చెప్పమని అడిగారు. చెప్పబోతే ఫోను చూసుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను. కాగితం అయితే మధ్యలో లేచిపోదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెడితే, మా ఆవిడ పోతూ నన్నూ లాక్కుపోయింది. ఆమెకు త్వరగా వచ్చింది. నేను మోటార్ల మీద పేరు రేకుల్ని కూడబలుక్కుని చదివి చదివి నేర్చుకున్నాను. నా మాటలు పైపుల మాదిరి పొట్టిగా, ఒకదానికి ఒకటి మర వేసి బిగించినట్టు ఉంటాయి. ఏం చేస్తాం, చెయ్యి అట్లాగే తిరిగింది.

అద్దం పని

ముందు మోటారునూ పైపుల్నీ పైకి తీసి పక్కన పరచాలి. బోరు నోరు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు పొద్దుకు ఎదురుగా అద్దం పట్టి, ఎండను విరిచి, ఆ జానెడు కన్నంలోకి పంపాలి. దీనికి కావలసింది ఎండ. మా సీమలో అన్నిటికీ కరువు వచ్చింది గానీ ఎండకు ఎప్పుడూ రాలేదు.

చెయ్యి వణికితే వెలుగు గోడకు తగిలి ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి అద్దాన్ని ఆవగింజంత పక్కకు తిప్పితే కిందికి జారుతుంది. మొదట ఇనుప గొట్టం తుప్పు కనిపిస్తుంది. తర్వాత ఎర్రమన్ను. ఆ తర్వాత నల్లబండ, బండలో అక్కడక్కడా తెల్లటి చారలు. చార దగ్గర తడి మెరిస్తే అది ఊట. ఇంకా కిందికి, ఇంకా కిందికి, చూపు సన్నగిలే దాకా పోయాక అడుగున ఒక ఎండపొడ కనిపిస్తుంది. చెవికమ్మ అంత ఉంటుంది. అది వణికితే నీళ్లు. వణక్కుండా మసగ్గా పడి ఉంటే బురద. అసలు కనిపించకపోతే బోరు ఎండిందని, లేదా వంకరగా పడిందని. మరీ లోతు బోర్లలో అద్దం పనిచేయదు. పాత బోర్లు, నిలువుగా పడినవి, అవి చూపిస్తాయి.

మొదటిసారి చూసినప్పుడు భూమి అడుగున ఇంకో పొద్దు ఉందనుకున్నాను. అక్కడ కూడా మనుషులు తువ్వాలు నెత్తిన వేసుకుని, పైకి చూస్తూ, ఆ పైన నీళ్లున్నాయా అని మాట్లాడుకుంటున్నారేమో అనిపించింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వెలుగు వెంట జారుతుంటాను. పక్కన తడిబండ వాసన. ఎక్కడో చినుకు పడ్డట్టు ఊట చప్పుడు. ఎంత జారినా అడుగు రాదు, భయమూ వేయదు. తెల్లారి మా ఆవిడ అంటుంది: "మళ్లీ నిద్దట్లో చెయ్యి తిప్పుతాండావు. యాడ చూస్తివి ఈసారి నీళ్లు?"

ఎండలో ఇనుము

ఇది చెప్పకుండా ఏం చెప్పినా అబద్ధమే. ఎండాకాలం పొద్దు నడినెత్తికి రాకముందే ఇనుప పైపు మీద చెయ్యి పెట్టలేం. తడి గోనెపట్టా చుట్టి పట్టుకుంటే, చూస్తుండగానే పట్టా ఎండిపోతుంది. మూడు ఇనుప గుంజల ముక్కాలి నిలబెట్టి, కప్పీకి గొలుసు వేసి, ఒక్కో పైపూ ఎత్తి, క్లాంపు బిగించి, మర విప్పి, పక్కన పడుకోబెట్టి, మళ్లీ ఇంకోటి. పొద్దు పొడవక ముందే మొదలుపెట్టాలి. ఎండ ముదిరాక ఆపాలి. ఆపనన్నవాడు మొండివాడు కాదు, తెలివిలేనివాడు. ఒకతను మా కళ్ల ముందే చల్లటి చెమట పట్టి, ఏదేదో మాట్లాడి, ముక్కాలి కింద కూలబడ్డాడు. తడిగుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకుపోతే బతికాడు, కానీ మళ్లీ ఎండలో నిలబడలేకపోయాడు. నాలుక తడారి మాట తడబడితే పని ఆపండి. యజమాని తిడితే తిట్టనీండి.

మధ్యాహ్నం చీనీ చెట్టు కింద, అంటే బత్తాయి చెట్టు కింద, పడుకునేవాళ్లం. నా జత మహబూబ్ బాషా. వాళ్ల నాయన ప్రొద్దుటూరులో గడియారాలు బాగుచేసేవాడు. బాషా చేతివేళ్లలోనే ఆ నిదానం ఉండేది. గొలుసు లాగుతూ పైపు మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "మామా, ఆగు. లోపల రాయి రాసుకుంటాంది," అనేవాడు. క్రేనుకు ఆ అరచెయ్యి లేదు పిల్లలూ. లాగేస్తుంది. కేబులు తెగి మోటారు లోపలే పడిపోతే బోరే పోతుంది. మిషను లాగుతున్నా సరే, పైపు మీద ఒకరి చెయ్యి ఉండాలి.

నీళ్లు దిగితేనే మా పని

మాకు పని ఎప్పుడుంటుందో తెలుసా? వానలు బాగుంటే ఉండదు. నీళ్లు పైనే ఉంటాయి, మోటారు జోలికి ఎవరూ పోరు. వాన తప్పిన ఏడాది నీళ్లు దిగుతాయి. రైతు ఇంకో పైపు వేసి మోటారు దించమంటాడు. మళ్లీ దిగుతాయి, మళ్లీ పైపు. అప్పుడు మాకు తిండి తినే తీరిక ఉండదు. కరువు ఇంకా ముదిరితే బోర్లు నిలువునా ఎండిపోతాయి. అప్పుడు మళ్లీ పని ఉండదు. నీళ్లు ఉన్నా లేకపోయినా మాకు పస్తే. నీళ్లు దిగిపోతున్నంతసేపే మా పొయ్యి వెలిగేది. ఇది తెలిసీ ఈ పనిలోకి రండి.

మా యజమాని శెట్టికి పులివెందులలో పైపుల అంగడి ఉండేది. మోటార్లు ఎత్తడానికి మమ్మల్ని పంపేవాడు, పైపులు తను అమ్మేవాడు. చెడ్డమనిషి కాదు. మోటారు తాడుకు ముడి వేయడం నాకు నేర్పింది ఆయనే. మోటారు కాలిపోతే ప్రొద్దుటూరు వైండింగు అంగడికి మమ్మల్ని పంపి, అక్కడ అన్నం తినమని హోటలాయనకు చెప్పి పెట్టేవాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే: "ఒకరి బోరు లోతు ఇంకొకరికి చెప్పగూడదు రా నాగన్నా. లోతు చెప్తే ఆడమనిషి మెడలో గొలుసు తూకం చెప్పినట్ల."

మా పనిలో ఇది పెద్ద మర్యాద. ఏ తోటకు పోయినా రైతు మజ్జిగ పోసి, మెల్లగా అడుగుతాడు: "పక్కాయన ఎంత దాకా దించినాడప్పా?" మేం నవ్వి ఊరుకోవాలి. బాషా అయితే, "పాతాళం దాకా పోయినాడు రెడ్డీ. ఆడ నీకు కూడా స్థలం పెట్టమని చెప్పొచ్చినాం," అనేవాడు. తెలియదు కాబట్టి పక్కవాడు లోతుకు పోయాడనే అందరూ అనుకునేవాళ్లు. అనుకుని ఇంకో పైపు దించేవాళ్లు. అది చూసి పక్కవాడు మరొకటి. నీళ్ల వెనకాల పైపులు, పైపుల వెనకాల నీళ్లు.

లింగాల తోట

వరసగా వానలు తప్పిన ఒక ఎండాకాలం. లింగాల దగ్గర నారాయణమ్మ తోట. అంతా చీనీ. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. అక్కడ అతని పని ఈ నెల ఉంటుందో, వచ్చే నెల పోతుందో తెలియదు. ఇక్కడ తోట ఈ వారం ఉంటుందో, వచ్చే వారం పోతుందో తెలియదు. మేం ముక్కాలి దించగానే నారాయణమ్మ మజ్జిగ కంటే ముందు ఆ సంగతి చెప్పింది.

"నాగన్నా, దాపరికం ఏముంది. పాసుపోర్టు తీసిపెట్టుకున్యా. ఈ తోట నిలిస్తే ఆయప్ప ఇమానం దిగొస్తాడు. తోట ఎండిపోతే నేను ఇమానం ఎక్కి పోవాల, ఎవురింట్లోనో అంట్లు తోమేదానికి. నీ చేతిలో ఉండాది."

"నా చేతిలో ఏముందమ్మా, గొలుసు ఉండాది," అన్నాను.

ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. పిందె రాలి చెట్ల కింద ఎండి గలగలమంటోంది. ప్రతి పాదులోనూ ఆమె వేరుశనగ పొట్టు పరిచింది, తేమ ఎగిరిపోకుండా. ట్యాంకరు నీళ్లు కూడా పోయించింది. ట్యాంకరుతో తోటను బతికించడమంటే జ్వరం మనిషికి దూదితో నోరు తడపడమే.

గట్టు అవతల ఆమె బావ, అంటే భర్త అన్న, సిద్దారెడ్డి తోట. వాళ్లదీ చీనీయే. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు మాటా మాటా వచ్చి, సిద్దారెడ్డి ఇక ఈ గట్టు దాటనని ఒట్టు పెట్టుకున్నాడు. దాటలేదు కూడా. రెండు బోర్లూ కేకేస్తే వినపడేంత దూరం. ఆయన పైపు దించితే ఈమె దించేది. ఈమె దించితే ఆయన దించేవాడు. రెండు చోట్లా దించింది మేమే. రెండు చోట్లా నోరు మూసుకున్నదీ మేమే.

ఆ రోజు ఆమె ఇంకో పైపు దించమంది. దించడానికి అడుగు లేదని నాకు అనుమానం. అప్పటికే మోటారు బురద తోడుతోంది. మొత్తం పైకి తీసి అద్దం పట్టాను.

అడుగున ఎండపొడ ఉంది. కానీ వణుకుతూ, క్షణక్షణానికీ కుంచించుకుపోతోంది. ఎవరో కింద నుంచి దాన్ని పీల్చుకుంటున్నట్టు. ఈమె మోటారు నా పక్కన నేల మీద పడి ఉంది. మరి నీళ్లు లాగుతున్నదెవరు? తలెత్తి విన్నాను. గట్టు అవతల సిద్దారెడ్డి మోటారు గుయ్యిమంటోంది.

మా పల్లెల్లో తోటలకు మూడు ఫేసుల కరెంటు ఏదో ఒక వేళకు వస్తుంది. వచ్చిందంటే అన్ని మోటార్లూ వాటంతట అవే ఒకేసారి మొదలవుతాయి. అందరూ ఒకేసారి తాగుతారు. ఆ ఇద్దరి మోటార్లూ ఎప్పుడూ కలిసే నడిచాయి గనక ఒకటి ఆగితే రెండోదానికి ఏమవుతుందో వాళ్లు ఎన్నడూ చూడలేదు.

చూస్తుండగానే కరెంటు పోయింది. గుయ్యిమన్న చప్పుడు ఆగింది. తోటంతా ఒక్కసారి నిద్రలోకి జారినట్టయింది. గువ్వల కూత కూడా లేదు. నేను అద్దం దించలేదు. పొద్దు జరిగేకొద్దీ చెయ్యి జరుపుకుంటూ అట్లాగే చూస్తూ ఉన్నాను. ఎండపొడ వణుకు ఆగింది. మెల్లగా, పాలు పొంగడానికి ముందు కదిలినట్టు, పైకి వచ్చింది. తెల్లచార దగ్గర ఊట మెరుస్తూ కిందికి జారుతోంది. చెవికమ్మ కాస్తా గాజు అంతయింది.

"మామా, నిద్రపోయినావా నిలబడి?" అన్నాడు బాషా.

"నువ్వు చూడు," అని అద్దం చేతికిచ్చాను.

వాడు చాలాసేపు చూశాడు. "రెండిండ్లకూ ఒకటే కుండ మామా," అన్నాడు.

గట్టు దాటిన రోజు

మళ్లీ కరెంటు వచ్చింది. అవతల మోటారు మొదలైంది. ముక్కాలి నిలబెట్టి ఉండడం చూసి సిద్దారెడ్డి గట్టు దాకా వచ్చి, దాటకుండా నిలబడ్డాడు. నెత్తిన తువ్వాలు, నోట్లో వేపపుల్ల.

"ఏంది నాగన్నా, ఇంకా ఎన్ని పైపులు దించుతాంది ఆ యమ్మ? భూమి అవతలికి పోతాదా?"

శెట్టి నియమం నాకు గుర్తుంది. కానీ అది లోతు చెప్పగూడదనే నియమం. చూపించగూడదని ఎవరూ అనలేదు కదా అని మనసులో సర్దుకున్నాను.

"నేను చెప్పను రెడ్డీ. వచ్చి నువ్వే చూడు."

"నేను ఆ నేల తొక్కను."

"అయితే ఆడే నిలబడి ఉండు. ఇద్దరి తోటలూ ఎండినాక గట్టెవరిదో తేల్చుకుందురు గానీ."

బాషా ఊరుకోలేదు. నా చేతిలో అద్దం లాక్కుని, ఎండను విరిచి నేరుగా సిద్దారెడ్డి మొహం మీద కొట్టాడు. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కకు తప్పుకుంటే వెలుగు కూడా తప్పుకుంది. "రేయ్ బాషా! నీ చేతులు ఇరగ్గొడ్తా!" అంటూ వాణ్ణి పట్టుకోవడానికి వచ్చాడు. కోపంలో గట్టు దాటేశాడు. దాటాక గానీ ఆయనకు తెలియలేదు. తెలిసి, కాలు కాలినవాడిలా ఒక్క క్షణం ఆగాడు. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియదు.

"వచ్చినావు గదా రెడ్డీ, చూసిపో," అన్నాను.

ఆయన బోరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నారాయణమ్మ వచ్చి అద్దం బాషా చేతిలోంచి తీసుకుంది. ఎట్లా పట్టాలో ఒక్కసారి చూపించాను. ఆమె చెయ్యి వణకలేదు.

ఆయన చూస్తూ, ఆమెతో మాట్లాడకుండా నాతో అన్నాడు: "ఆ యమ్మకు చెప్పు, వెలుగు కొంచెం కుడికి తిప్పమని."

ఆమె కూడా నాతోనే అంది: "బావకు చెప్పన్నా, తల అడ్డం తీయమని."

నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరూ విన్నారు.

"వణుకుతాంది," అన్నాడు సిద్దారెడ్డి.

"నీ మోటారు లాగుతాంది. బాషా, పోయి రెడ్డి స్టార్టరు ఆపి రాపో."

బాషా పోయి ఆపాడు. చప్పుడు ఆగింది. మళ్లీ ఆ నిద్రలాంటి నిశ్శబ్దం. మేం నలుగురమూ ఆ జానెడు కన్నం చుట్టూ చేరాం. ఎండ వీపుల మీద కాగుతోంది. ఎవరికీ కదలాలనిపించలేదు. ఊరూ, ఎండా, గట్టూ ఎక్కడో పైన ఉన్నట్టు, మేమంతా ఆ లోపలికి దిగి చల్లటిచోట కూర్చున్నట్టు ఉంది. పొడ నిలకడగా నిలిచి, పెరుగుతూ పైకి వచ్చింది.

చివరికి సిద్దారెడ్డి అన్నాడు: "ఇవి నా నీళ్లా, వాళ్ల నీళ్లా?"

"బండలో గట్లు ల్యావు రెడ్డీ," అన్నాను. "నువ్వొక పూట, వాళ్లొక పూట తోడితే ఇద్దరికీ వస్తాయి. అవి కూడా చెట్లన్నిటికీ చాలవు. సగం కొట్టేస్తే మిగతా సగం బతుకుతాయి."

"సగం కొట్టాల్నా?" నారాయణమ్మ అద్దం దించేసింది. "బిడ్డల్లో సగమని ఎవురన్నా చెప్తారా అన్నా?"

సిద్దారెడ్డి లేచి, తువ్వాలు దులుపుకుని, గట్టు దాటి పోయాడు. నారాయణమ్మ అద్దం నా చేతిలో పెట్టింది. మోటారు ఉన్నచోటికే తిరిగి దించేసి, పైపు ఏదీ కలపకుండా, మేం ఆ రాత్రి ఆ తోటలోనే పడుకున్నాం.

తెల్లారి గొడ్డలి చప్పుడుకు లేచాను. గట్టు అవతల సిద్దారెడ్డి తన తోటలో మొదటి వరస కొడుతున్నాడు. నారాయణమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడి వింటోంది. కరెంటు వచ్చింది. ఈమె మోటారు మొదలైంది. ఆయనది మొదలు కాలేదు. ఆమె చాలాసేపు అటు వైపు చెవి పెట్టింది. తర్వాత ఇంట్లోకి పోయి సున్నం కలుపుకుని వచ్చి, కొట్టేయాల్సిన చెట్ల మొదళ్లకు తన చేత్తోనే ఒక్కో గీత పెట్టింది. కాపు బాగా కాసిన చెట్లకూ పెట్టింది, గట్టు పక్కనున్న వాటికీ పెట్టింది. నేను గొడ్డలి తీసుకోబోతే, "నువ్వు మోటార్లు ఎత్తన్నా. ఇది నా పని," అంది.

శెట్టి

ఈ సంగతి లింగాల చుట్టూ పాకింది. బోర్లు దగ్గర దగ్గరున్న ఇంకొందరు కూడా అద్దం పట్టమన్నారు, వంతులు వేసుకున్నారు. అందరూ కాదు. కొందరు పక్కవాడి కంటే ముందు తోడేయాలనే చూశారు. వాళ్ల బోర్లూ, తోటలూ పోయాయి.

శెట్టి నన్ను పిలిపించాడు. అంగట్లో పైపులు కొండలా ఉన్నాయి.

"ఏం రా నాగన్నా, లోతులు చూపిస్తాండావంట."

"చూపించినా స్వామీ."

"నువ్వు అద్దం పట్టుకోని తిరిగితే ఈ పైపులు నేను నెత్తిన పెట్టుకోవాల్నా?"

తిట్టలేదు. టీ తెప్పించాడు. తాగాక, ఈ సీజనుకు వేరేవాళ్లను చూసుకుంటానన్నాడు. అదే నా ఉద్యోగం పోయిన పద్ధతి. కూలివాడి పని పోయేటప్పుడు చప్పుడు కూడా రాదు. ఒక టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు, అంతే. ఆయన మీద నాకు కోపం లేదు. పైపులు అమ్మేవాడికి నీళ్లు దిగాలి, ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ మీకు ఒక మాట. మీకు అన్నం పెట్టేవాడికీ, మిమ్మల్ని పనికి పిలిచిన రైతుకూ కావలసింది ఒకటే కాకపోతే, ఏదో ఒక రోజు మీరు ఎటు నిలబడాలో తేల్చుకోవాలి. ఆ రోజు ఇంట్లో సంగటి పిండి ఉండేలా చూసుకోండి. ధైర్యం కడుపు నిండినవాడికి సులువు.

మా ఆవిడ, "పోనీలే. నీ చెయ్యి కొన్నాళ్లు ఊరుకుంటాది," అంది. బాషా మాత్రం గల్ఫుకు పోయాడు. పోయేటప్పుడు అన్నాడు: "మామా, ఆడ ఎండ ఇంకా ఎక్కువంట. అద్దం నీ దగ్గరే ఉండనీ."

కొండాపురంలో మూత

పని లేనప్పుడు ఎక్కడికి పిలిచినా పోతాం. నన్ను జమ్మలమడుగు దాటి కొండాపురం వైపు పిలిచారు. పెన్నా ఇసుక తెల్లగా, తడి లేకుండా పడి ఉంది. అక్కడ పల్లెలు గండికోట జలాశయం నీళ్ల కింద మునగబోతున్నాయి. ఇళ్లకు తలుపులు తీసేశారు, దూలాలు తీసేశారు. చేలల్లో ఉన్న మోటార్లు పైకి తీయాలి. నీళ్లు లేక మోటార్లు ఎత్తినవాణ్ణి, నీళ్లు వస్తున్నాయని ఎత్తడం అదే మొదలు.

ఓబుళప్ప అనే ముసలాయన బోరు. అద్దం పట్టక్కర్లేని బోరు. తొంగి చూస్తే చాలు, మన మొహం కనిపిస్తుంది. మోటారు తీసి పరిచాను. ఆయన ఇంట్లోంచి ఒక నాపరాయి బిళ్ల మోసుకొచ్చాడు.

"మూత పెట్టప్పా దీనికి."

"పెద్దాయనా, మొత్తం నీళ్లలో మునిగేదానికి మూత ఎందుకు?"

"వాకిలి తెరిచి పెట్టి ఎవురన్నా పోతారా?" అన్నాడు.

మూత పెట్టాం. దాని మీద బరువుకు ఒక రాయి పెట్టాం. ఆయన బోరు పక్కన కాసేపు కూర్చుని, మునక పల్లెలవాళ్లకు కట్టిన కాలనీకి పోయే ఆటో ఎక్కాడు. ఆ తర్వాత ఎన్నో సార్లు కలలో ఆ మూత చూశాను. పైన చేపలు తిరుగుతుంటాయి. కింద చల్లగా ఆ నీళ్లు, పైనున్న నీళ్లను మీరెవరని అడుగుతుంటాయి.

మళ్లీ లింగాల

శెట్టి కాలం అయిపోయింది. క్రేను బండ్లు వచ్చాయి. బాషా తిరిగి వచ్చి, వాళ్ల నాయన అంగట్లో కూర్చుని గడియారాలకు బదులు ఫోన్లు విప్పుతున్నాడు. గండికోట నీళ్లు ఎత్తిపోసి మా పక్క చెరువులకు తెచ్చారు. అందులో ఓబుళప్ప బోరు నీళ్లు కూడా ఉంటాయని నేననుకుంటాను. బండలో గట్లు లేనట్టే, చెరువులోనూ ఏ నీళ్లు ఎవరివో రాసి ఉండదు. చెరువు నిండి, వానలు కూడా తోడైతే భూమి లోపల నీళ్లు మెల్లగా లేస్తాయి. మళ్లీ కరువు రాదని కాదు. వస్తుంది. మా సీమకు దారి దానికి బాగా తెలుసు.

మొన్న నారాయణమ్మ ఫోను చేసింది. "అన్నా, అద్దం తీస్కోని రా." బోరు పోయిందేమో అనుకున్నాను. లింగాల బస్సు దిగి తోటలోకి నడిచేసరికి నా మోకాళ్లు మొర్రో అన్నాయి. మా చెల్లెలి మనవళ్ల క్రేను బండే అక్కడుంది. పైపులు వరసగా నేల మీద. మిగిలిన సగం చెట్లు గుబురుగా, నల్లగా ఉన్నాయి. కొట్టేసిన చోట అలసందలు వేసింది. ఒకాయన లుంగీ ఎగ్గట్టి, పైపు మీద అరచెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "నాగన్నంటే నువ్వేనా? నేను నారాయణమ్మ మొగుణ్ణి," అన్నాడు. విమానం దిగాడన్నమాట.

"ఇంక పోవడంల్యా," అంది నారాయణమ్మ, అతని వైపు చూడకుండా. "పాసుపోర్టు పెట్టె అడుగున ఏసినా. నాదీ, ఆయప్పదీ."

అద్దం తీసి ఆమెకే ఇచ్చాను. ఆమె పొద్దు వైపు తిరిగి, ఎండను విరిచి, లోపలికి పంపింది. దూరం పోనక్కర్లేకపోయింది. వెలుగు నీళ్లకు తగిలి తిరిగి పైకి వచ్చి, అలలు అలలుగా అతని గడ్డం కింద ఆడింది. అతను మెడ తడుముకుని చెయ్యి చూసుకున్నాడు, తడి అయిందేమోనని.

గట్టు అవతల నుంచి కేక. సిద్దారెడ్డి. ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర ఉంది. క్రేను చూసి వచ్చాడు. ఆ రోజు తర్వాత మళ్లీ గట్టు దాటలేదట. వంతు మాత్రం ఒక్కరోజూ తప్పలేదట.

"నాగన్నా! ఏంది, మళ్లీ పైపులు దించుతాందా ఆ యమ్మ?"

నేను నోరు తెరిచేలోపే నారాయణమ్మ ఆయనకే నేరుగా బదులు చెప్పింది.

"దించడంల్యా బావా. తీసేస్తాండాం. నీళ్లు పైకొచ్చినాయి."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి, నేల మీద పరిచిన పైపుల వైపు చూశాడు. తర్వాత, "అట్లయితే మాది గూడా చూడరాదామ్మా," అన్నాడు.

నారాయణమ్మ అద్దాన్ని కొంగుతో తుడుచుకుంటూ గట్టు దాటి పోయింది. ఆ అద్దం మళ్లీ నా దగ్గరకు రాలేదు. నేను అడగలేదు.